చూసినవాళ్ల జాబితాలో మొదటి పేరు

దువ్వాడ త్రినాథరావు ఫోన్లో అన్నీ చూస్తాడు, ఏదీ ముట్టుకోడు. బంధువుల గ్రూపులో నూట నలభై మంది ఉన్నారు. అందులో ఎవరు పుట్టినా, ఎవరు బండి కొన్నా, ఎవరి పిల్ల డాన్సు చేసినా అందరికన్నా ముందు తెలిసేది అతనికే. దండం బొమ్మ పెట్టడు, బొటనవేలు చూపించడు, శుభాకాంక్షలు అసలే రాయడు. "మా ఆయనకి ఫోనంటే కిటికీ. తలుపు కాదు," అంటుంది భార్య పుష్ప.

పొగరనుకునేవాళ్లూ ఉన్నారు. పొగరు కాదు, భయం. అతను ముప్పై ఏళ్లు ఒక రోలింగ్ మిల్లులో ఇనప ఊచలు పరీక్షించే పని చేశాడు. ఎక్కడ వంకరుంది, ఎక్కడ గీత పడింది, ఏది పక్కన పారేయాలి, ఇదే పని. మిల్లు నుంచి రిటైరయ్యాడు గానీ, కన్ను ఇంకా డ్యూటీ దిగలేదు. ఎవరైనా బిర్యానీ ఫొటో పెడితే అడుగంటిన మెతుకులు కనబడతాయి. పెళ్లి ఫొటో పెడితే మండపం స్తంభం ఒరిగినట్టు కనబడుతుంది. వేలు ఊరుకోక టైపు చేస్తాడు, బుద్ధి తెచ్చుకుని చెరిపేస్తాడు. పోనీ బాగున్నవాటికి లైకు కొట్టొచ్చు కదా అంటే, మిగతావాళ్లని తీసిపారేసినట్టు అవుతుందని మళ్లీ అదో బెంగ.

జీవితంలో ఒక్కసారి మాత్రం చెరపకుండా పంపించాడు. నాలుగేళ్ల కిందటి మాట. తగరపువలసలో ఎల్లారావు కొత్త ఇంటి గృహప్రవేశం. ఎల్లారావు త్రినాథరావుకి మేనత్త కొడుకు. చెడ్డీల వయసు నుంచీ ఒకే కంచంలో తిన్న బావ. ఆ రోజు సెలవు దొరక్క మన త్రినాథరావు మిల్లులో ఉండిపోయాడు. ఎల్లారావు గ్రూపులో ఇంటి ఫొటో పెట్టాడు. వంద మంది వంద పూలగుత్తులు పంపారు. ఇతను ఫొటోని రెండు వేళ్లతో సాగదీసి చూసి, "ఎడమవైపు బీము అరంగుళం దిగింది. చూపించుకో," అని రాశాడు.

అక్కడ భోజనాలు మొదలయ్యాయి. వచ్చినవాళ్లంతా చేతిలో ప్లేట్లతో ఆ బీము కిందికి చేరి తలలు పైకెత్తారు. కొందరు కూర వేయించుకోవడం కూడా మరిచిపోయారు. ఎల్లారావు వియ్యంకుడు టేపు అడిగి తెప్పించుకుని కొలిచాడు. అరంగుళమే! తప్పు చెప్పి ఉంటే ఎల్లారావు నవ్వేసి ఊరుకునేవాడు, సరిగ్గా చెప్పినందుకే క్షమించలేకపోయాడు. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్యా రాకపోకల్లేవు, ఫోన్లు లేవు.

అయితే మాటలు మానేసిన ఎల్లారావు, రోజూ తెల్లారేసరికి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టడం మొదలుపెట్టాడు. చిక్కుడు పాదు, వీధిలో కుక్కపిల్ల, హైవే మీద మంచు. సరిగ్గా ఐదున్నరకి త్రినాథరావు కాఫీ గ్లాసుతో వాకిట్లో కూర్చుని అది చూసేవాడు. టీ గ్లాసు పోయి రాగిజావ గ్లాసు వచ్చినప్పుడు బావకి షుగరొచ్చిందని పసిగట్టాడు. ఫొటోలు వంకరగా వస్తుంటే కళ్లజోడు మార్చాలనుకున్నాడు. మళ్లీ నిటారుగా వచ్చిన రోజు, మార్చాడని సంతోషించాడు. బావంటే అతనికి ప్రాణం. ఆ సంగతి ఎల్లారావుకి తెలియడం కన్నా చచ్చిపోవడం నయమనుకున్నాడు. తను తిట్టలేదు, అబద్ధం చెప్పలేదు, మరి తనెందుకు తగ్గాలి? దొంగచాటుగా చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

ఆ దొంగచాటు ఒక ఆదివారం బట్టబయలైంది. కూతురు హిమబిందు అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. తన స్టేటస్ ఎంతమంది చూశారో లెక్కపెట్టుకుంటూ, "నాన్నా, ఇందులోనూ నువ్వే ఫస్టు," అంది.

"నాను సూసినట్టు నీకెలా తెలిసింది?"

"సూసినోళ్ల పేర్లన్నీ కింద పడతాయి కదా. టైముతో సహా."

"నానేటీ ముట్టుకోలేదే! ఉట్టినే సూసేనంతే!"

"ఉట్టినే సూసినా పడతాది నాన్నా."

త్రినాథరావు ముఖం పాలిపోయింది. నాలుగేళ్లు! అంటే ప్రతి పొద్దూ ఐదున్నరకి తను వెళ్లి బావ గుమ్మంలో పేరు చెప్పి వస్తున్నట్టేగా! పరువు గంగలో కలిసింది. తండ్రి అవస్థ చూడలేక హిమబిందు ఫోన్ తీసుకుని సెట్టింగుల్లో నీలం టిక్కులు తీసేసింది. "ఇప్పుడు ఎంత సూసుకున్నా నీ పేరు పడదు," అంది.

ఇంతకన్నా ఏం కావాలి? మర్నాడు నిశ్చింతగా చూశాడు. బీరకాయ. రెండో రోజు మళ్లీ అదే బీరకాయ. పెట్టిందే పెట్టడం ఎల్లారావు అలవాటు కాదు. మూడో రోజు ఫొటోయే లేదు. పసుప్పచ్చ రంగు మీద పెద్ద అక్షరాలు: "బావా, బాగున్నావా?"

త్రినాథరావుకి కాఫీ చేదెక్కింది. "ఎవుడే ఈడికి కొత్త బావ?" అన్నాడు పుష్పతో.

"మన పక్క బావలికేటి కరువు? ఆటో ఎక్కితే డ్రైవరు కూడా బావే."

నాలుగో రోజూ అదే ప్రశ్న. బావ ఇంకెవరికోసమో ఇంత బెంగపడుతున్నాడని త్రినాథరావు అసూయతో ఉడికిపోయాడు. ఆ పూట టిఫిను కూడా సగమే తిన్నాడు.

ఐదో రోజు మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూస్తే ఎల్లారావు. తగరపువలస నుంచి బస్సులు మారి, ఎండలో నడిచి వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. త్రినాథరావుని కాళ్ల నుంచి తల దాకా చూశాడు.

"బతికే ఉన్నావేటి?"

త్రినాథరావు ఔనన్నట్టు తలూపాడు.

"నాలుగు రోజులై నీ పేరు పడలేదు. ఐదున్నరకి నీ పేరు పడ్డాకే నాను జావ తాగుతాను, తెలుసా? మొదటి రోజు నెట్టు లేదేమో అనుకున్నాను. సూడనేదేమోనని మళ్లీ అదే బీరకాయెట్టేను. ఆఖరికి సిగ్గిడిసి అడిగేసేను. పదకొండు మంది బావలు బాగున్నామని రాసేరు. ఆల్నెవుడడిగేడు?"

"సూసేను బావా," అన్నాడు త్రినాథరావు. "అన్నీ సూసేను. పేరు పడకుండా సూసేను. ఇంకే బావకో అనుకున్నాను."

ఎల్లారావు మెట్టు మీద కూలబడ్డాడు. "నీకు కాకపోతే ఇంకెవులికెడతాను? నాకు పొటోలు తియ్యడవే రాదు కదా. నువ్వు సూత్తన్నావనే నేర్సుకున్నాను."

త్రినాథరావు వచ్చి అదే మెట్టు మీద పక్కన కూర్చున్నాడు. "బాగున్నాను బావా," అన్నాడు. ఆ మాట పూర్తికాకుండానే ఏడ్చేశాడు.