గుడ్డ కింద రాణిచీమ

బోధన్‌లో మా పక్కింటి సైన్సు టీచర్ మొన్న శుక్రవారం పొద్దున పోయారు. నిజామాబాద్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చేసరికి నేను వాళ్లింట్లోనే ఉన్నాను, ఆమె తల్లికి చాయ్ పోస్తున్నాను. గుండె ఆగిందన్నారు. ముసలామె గ్లాసు కింద పెట్టి, "నాకన్న ముందు పోయిందా" అంది. ఆ మాట నా చెవిలోంచి ఇంకా పోలేదు.

టీచర్ గురించి మీకు నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఏడో తరగతిలో నాకు పాఠాలు చెప్పారు. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో తల్లీ కూతుళ్లు ఇద్దరే. తల్లికి తినిపించనిదే తాను ముద్ద ముట్టేవారు కాదు. టీచర్ పిలిచినట్టే మేమూ ఆ పెద్దావిడను అమ్మీ అంటాం.

తొలకరి పడ్డ సాయంత్రం దీపాల దగ్గర రెక్కల పురుగులు ముసురుతుంటే మేం తలుపులేసుకునేవాళ్లం. టీచర్ మాత్రం వాటిని పట్టడానికి గిన్నె తీసుకుని బయటికొచ్చేవారు. ఈ ఏడూ అంతే. వాకిట్లో పెద్ద నల్ల పురుగొకటి పరుగెడుతుంటే నేను ఉసిలి అన్నాను.

"ఉసిలి గాదు బేటీ, చీమ. నడుం చూడు, ఎంత సన్నగున్నదో. వీపు మీద రెక్కలు ఊడిన మచ్చలున్నయి. గిది రాణి" అన్నారు. తన పాఠం నా తలకెక్కనందుకు నవ్వారు కూడా.

గాజు గొట్టంలో అడుగున నీళ్లు పోసి, దూదితో ఆపి, రాణిని లోపలికి వదిలారు. మూతికి ఇంకాస్త దూది పెట్టి, వెలుగు పడకుండా గొట్టానికి గుడ్డ చుట్టారు. ఇక తిండి పెట్టనక్కర్లేదట. పిల్లలు పుట్టేదాకా ఒంట్లో ఉన్నదే దానికి ఆధారం. బెదిరిస్తే తన గుడ్లు తానే తినేస్తుందట.

"మనం చేసే సేవ ఒక్కటే, దాని జోలికి పోవద్దు" అన్నారు.

పొయ్యి మీది అన్నం మూత మాటిమాటికీ తీసి చూసే నాకు చెప్పాల్సిన మాటేనా అది?

కొన్ని వారాలకు దవాఖానలో చేరుతూ ఆ గొట్టం నా చేతికే ఇచ్చారు. రోజూ ఫోన్ చేసి, అమ్మీ తిన్నదా అని అడిగేవారు. ఆ తర్వాత, "గుడ్డ తియ్యలేదు గదా?"

"లేదు టీచర్."

"మొదటి చీమ చిన్నగుంటది. అప్పుడు చక్కెర నీళ్లు ఒక్క చుక్క పెట్టాలె. అది తాగి తల్లికి నోట్ల పెడ్తది. నేనొచ్చినంక చూద్దాం."

ఆమె రాలేదు. అది చూడాలని ఆమెకెంత ఆశో నాకు తెలుసు. అందుకే ఈ చావు నాకు మింగుడు పడడం లేదు.

చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. గల్లీ వాళ్లమే వండుకుపోతున్నాం. శనివారం నేను పప్పూ అన్నం పట్టుకుపోయాను. అమ్మీ ముట్టలేదు. ఎవరు బతిమాలినా అంతే. చివరికి, "నా బిడ్డ చీమ ఏమైంది?" అని అడిగింది.

ఇంటికెళ్లి గొట్టం తెచ్చి ఆమె ముందే గుడ్డ విప్పాను. రాణి పక్కన లేత గోధుమ రంగులో నలుసంత చీమ. మూతి దూది తీసి చక్కెర నీళ్ల చుక్క పెట్టాను. చిన్నది తాగింది, వెనక్కి నడిచింది, రాణి నోటికి నోరు ఆనించింది.

అమ్మీకి చూపు ఆనదు. "ఏం చేస్తున్నది?" అంది.

"తల్లికి తినిపిస్తున్నది, అమ్మీ."

ఆమె చెయ్యి చాచి గొట్టం అడిగింది. మూతికి దూది పెట్టి ఇచ్చాను. తడుముకుంటూ తానే మళ్లీ గుడ్డ చుట్టింది. "వెలుగు పడొద్దనేది నా బిడ్డ" అంటూ కొంగు కింద పెట్టుకుంది. పళ్లెంలో అన్నం చల్లారిపోయింది. కొంగు కింద ఆ రెండు చేతులూ గొట్టాన్ని పట్టుకుని అట్లాగే ఉన్నాయి.