అక్కకు చదివి చెప్పని స్లైడు

నా గొంతులో ఒక వాక్యం ఇరుక్కుని చాలా ఏళ్ళయింది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి, అది మాత్రం దిగదు. పైకీ రాదు. అంత పెద్ద వాక్యమేమీ కాదు, అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు కూడా చదివేస్తారు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకైతే చెప్పగలనేమో అనిపిస్తోంది. ఇంట్లో చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ, కాఫీ కలపనా అనో, పెరటి తలుపు గడియ పెట్టారా అనో అడిగి మూసుకున్నాను.

మాది తిరుపతి. గుడి వీధుల్లో మా వాళ్ళకు కుంకుమ, దేవుడి పటాలు, ఇత్తడి సామాన్లు అమ్మే అంగడి ఉంది. ఆ ఇంటికి నేను చిన్న కోడలిని. పెద్ద కోడలు మునిరత్నమ్మ. తోడికోడళ్ళంటే జుట్లు పట్టుకునే వాళ్ళని లోకం అనుకుంటుంది. మాకు అలాంటిదేం లేదు. కాపురానికొచ్చిన కొత్తలో నేను అమ్మ కోసం బెంగపడి ఏడుస్తుంటే, తన పక్కలో పడుకోబెట్టుకుని జో కొట్టింది ఆ మనిషి. నేను అక్కా అనేదాన్ని. నన్ను పాపా అనేది. ఇప్పటికీ అలాగే అంటుంది. అదే నా బాధ.

నాకు సినిమా పిచ్చి. దాచడమెందుకు, మామూలు పిచ్చి కాదు. బొమ్మ మారిందని తెలిస్తే చాలు, నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. కానీ మా అత్త అంత సులువుగా పంపేది కాదు. పిండి రుబ్బి, బట్టలు ఉతికి, మధ్యాహ్నం అందరి అన్నాలు అయ్యాక, అదీ అక్క తోడుంటేనే, మ్యాట్నీకి. అక్కే అత్తను బతిమాలేది. తనకు సినిమా అంటే ఇష్టమే గానీ నా అంత కాదు. నా మొహం చూసి వచ్చేది.

అక్కకు చదువు రాదు. పూతలపట్టు దగ్గర పల్లె వాళ్ళది. చెరకు తోట, బెల్లం గానుగ, తల్లి లేని ఇల్లు. బడికి పంపే తీరిక ఎవరికీ లేకపోయింది. హాల్లో తెర మీద అక్షరం పడితే నన్ను మోచేత్తో పొడిచేది. "ఏం రాసుండారు పాపా?" చీరల కొట్టు ప్రకటన అయినా, తలనూనె అయినా, పొగ తాగరాదు అన్నా చదివి చెప్పాల్సిందే. మొదట్లో ముచ్చటగా ఉండేది. తర్వాత తర్వాత విసుగు పుట్టేది. పాట మధ్యలో ఏమిటీ గోల అని లోపల సణుక్కుంటూ చదివేదాన్ని.

మా ఊరి హాళ్ళలో ఒక విశేషం ఉంది. కొండ దిగివచ్చిన యాత్రికులు బస్సుకు ఇంకా టైముందంటే మ్యాట్నీకొచ్చి కూర్చుంటారు. నున్నటి గుండ్లు, వాటి మీద గంధం. చీకట్లో ఆ వాసనే చెప్పేస్తుంది పక్కన కూర్చున్నది ఎవరో. తీరా సినిమా మంచి పట్టులో ఉండగా వాళ్ళ బస్సు కదిలే వేళవుతుంది. వాళ్ళ పెద్దమనిషి గేటు దగ్గరికొచ్చి చెబితే, గాజు పలక మీద సిరాతో రాసి స్లైడు వేస్తారు. బొమ్మ నడుస్తుండగానే దాని మీద మసకగా అక్షరాలు పడతాయి. ఫలానా ఊరి వాళ్ళు బయటికి రావలెను, బస్సు సిద్ధంగా ఉన్నది. ఒక వరసకు వరస గొణుక్కుంటూ లేచిపోతుంది. అక్క అయ్యో పాపం అనేది ప్రతిసారీ.

ఒకసారి ఆ స్లైడు మాకే పడింది. మా ఇంటి పేరు తెర మీద చూసి గుండెలు అదిరి పరుగెత్తాం. చూస్తే ఏముంది, బీరువా తాళాలు అక్క కొంగున ఉండిపోయాయట. మా అత్త అంగడి మనిషిని పంపింది. ఆ సినిమా చివర నాకు ఈరోజుకీ తెలియదు. వీధిలో ఎవర్నడిగినా తలా ఒక రకంగా చెప్పారు. ఇంకెప్పుడైనా ఇలా పిలిస్తే లేవనే లేవనని ఆ రోజు నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను. పంతం. అంతకంటే దానికి వేరే పేరు లేదు.

ఇక ఆ రోజు సంగతి.

ఎండాకాలం. హాల్లో ఫ్యాన్ల కింద కూడా చీర ఒంటికి అతుక్కుపోతోంది. ఆడవాళ్ళ వైపు మా చుట్టూ అరవదేశం నుంచి వచ్చిన గుండ్ల వాళ్ళు. తెలుగు చదవడం వాళ్ళకు రాదు. కథ చివరికొచ్చింది. చిన్నప్పుడు తప్పిపోయిన కొడుకు కోర్టు బోనులో నిలబడి ఉన్నాడు. ఎదురుగా తల్లి. వాడు తన కొడుకని ఆమెకు ఇప్పుడో ఇంకాసేపట్లోనో తెలిసిపోతుంది. నేను కుర్చీ అంచుకొచ్చేశాను.

అప్పుడు ఆ తల్లి మొహం మీద అక్షరాలు పడ్డాయి.

చదివాను. మొదటి చూపుకే చదివాను. అక్క పేరు. వాళ్ళ ఊరు. వాళ్ళ అన్న గేటు దగ్గర ఉన్నాడని. మోచెయ్యి తగిలింది.

"ఏం రాసుండారు పాపా?"

"ఎవరో యాత్రికులంటక్కా. బస్సు కదలతా ఉండాదంట."

"అయ్యో పాపం. ఆకరు సూడకుండా పోవల్ల గదా." కాసేపాగి చుట్టూ చూసింది. "ఎవురూ లేసేది లేదే?"

"ముందే పోయుంటార్లే. నువ్వు బొమ్మ సూడు."

చూసింది. ఇద్దరం చూశాం. తల్లీ కొడుకూ కలుసుకున్నారు. ఇద్దరం కొంగులు తడిసేలా ఏడ్చాం.

ఎందుకు చెప్పానా అబద్ధం? వాళ్ళ అన్న అప్పుడప్పుడూ బెల్లం లారీలో తిరుపతికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా చెల్లెలికి కొత్త బెల్లమో మామిడిపండ్లో తెచ్చేవాడు. అలాగే వచ్చి ఉంటాడు, కాసేపు నిలబడితే ఏం పోతుంది, సినిమా ఇదిగో అయిపోతోంది కదా, అనుకున్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను ఇలాగే చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఇది కూడా పూర్తి నిజం కాదు. స్లైడు మీద ఇంకో మాట ఉంది. వెంటనే అని. ఆ మాట నేను చదివాను. చదివి కూడా పక్కకు నెట్టేశాను. అది నా దగ్గర నేనే దాచుకున్న సంగతి.

సినిమా వదిలాక గేటు దగ్గర వాళ్ళ అన్న కోసం నా కళ్ళు వెతికాయి. కనిపించలేదు. ఇంటికి వెళ్ళి ఉంటాడులే అనుకున్నాను. అక్క దారిలో మల్లెపూలు కొని నా తలలో తురిమింది, తనూ పెట్టుకుంది. తెర మీది తల్లిని తలుచుకుంటూ నింపాదిగా నడిచాం. ఇంటి గడప దగ్గర మా అత్త నిలబడి ఉంది.

"మీ అన్న హాలు కాడికి వచ్చినాడే, కలవలేదా? మీ నాయనకు బాగలేదంట. నిన్ను సూడల్లంటా ఉండాడంట."

అక్క తలలో పూలు తీసి గడప పక్కన పెట్టింది. నేను కూడా తీశాను.

ఉన్న బట్టలతో బస్సెక్కాం. దారి పొడవునా కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది అక్క. నేను చెప్పాలనుకున్నాను. చెబితే బస్సు ముందుకు పోతుందా? చెప్పకపోతే ఆయన బతికేస్తాడా? ఇలాంటి పనికిమాలిన ప్రశ్నలతో దారంతా గడిపాను. పూతలపట్టులో దిగి పల్లెకు నడిచేటప్పటికి వీధిలో జనం కనిపించారు. అక్క అక్కడి నుంచే పరుగెత్తింది.

ఆయన అప్పుడే పోయాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందని అక్క ఆయన కాళ్ళ మీద పడి అరిచింది. చివరిదాకా రత్న వచ్చినాదా, రత్న వచ్చినాదా అని అడిగాడట. తల్లి లేని బిడ్డని చంకనేసుకుని పెంచినవాడు. కూతురి చేతి పాలు నోట్లో పడాలని ఆయన కోరిక. వస్తుందని పాలు కాచి గ్లాసులో పోసి తలాపున పెట్టారు. ఎదురుచూసి ఎదురుచూసి కోడలే పోసిందట. ఆ గ్లాసు అక్కడే ఉంది. అడుగున ఇంకా కాసిని పాలున్నాయి. నేను దాని వైపు చూడలేకపోయాను. అయినా అదే కనిపించేది.

అక్క వాళ్ళ అన్న బెల్లం లారీని వీధి చివర నిలబెట్టి హాలుకు వచ్చాడట. ఆడవాళ్ళ వైపు మగవాళ్ళను పోనివ్వరు. స్లైడు వేయించి, తలుపు పరదా పక్క నుంచి తొంగి చూసి, అక్షరాలు పడ్డాయని తెలుసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. వేరే హాలుకు పోయి ఉంటారనుకుని అక్కడికీ పరుగెత్తాడు. డ్రైవరు ఇంక ఆగనంటే వెళ్ళిపోయాడు. ఆ లారీలో మేమూ వెళ్ళి ఉంటే ఆయన ఉండగానే చేరేవాళ్ళం. అక్క చేతి పాలు ఆయన గొంతు దిగేవి.

ఏ హాల్లో ఉన్నామో అన్నకు ఆ రాత్రే తెలిసిపోయింది. శవం దగ్గరే అడిగాడు. తెర మీద నీ పేరు నా కండ్లతో నేను సూసినానే, లేచి రావడానికి నీకు మనసు రాలేదా, నాయన కంటే ఆ బొమ్మ ఎక్కువయిందా అని. అక్క ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. నాకు చదువు రాకపోతే మా పాపకు రాదా, నా పేరు పడి ఉంటే మా పాప చెప్పకుండా ఉంటుందా, అడుగు, నీ ఎదురుగానే ఉంది, అడుగు అంది.

అందరూ నా వైపు చూశారు.

హాల్లో ఆడిన అబద్ధం పంతం కొద్దీ అనుకుందాం. ఇక్కడ ఆడింది? ఆయన శవం ఎదురుగా, ఆ గ్లాసు ఎదురుగా నిలబడి, యాత్రికుల స్లైడు తప్ప ఇంకేమీ పడలేదని చెప్పాను. చెప్పి ఏడ్చాను. ఆ ఏడుపు చూసి ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను ఓదార్చారు.

అన్న నమ్మలేదు. తన కళ్ళను తాను ఎలా కాదనుకుంటాడు? ఇద్దరూ కూడబలుక్కుని బొంకుతున్నారనుకున్నాడు. దినాలు అయ్యాక చెల్లెలిని మళ్ళీ రమ్మని పిలవలేదు. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళు జరిగాయి, పిలుపు రాలేదు. కొత్త బెల్లం రాలేదు. గంగజాతర నాడు అందరి పుట్టిళ్ళ నుంచీ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. అక్క గుమ్మంలోకొచ్చి ఒకసారి వీధి చూసి లోపలికి వెళ్ళిపోయేది. నా తప్పుకు ఆమె పుట్టిల్లు పోయింది. నా పుట్టిల్లు భేషుగ్గా ఉంది.

ఇంకొకటి కూడా చెప్పేయాలి. కొన్నాళ్ళకు మా వీధిలో పెద్దవాళ్ళకు చదువు చెప్పడానికి ఒకామె వచ్చేది. అక్క పలక కొనుక్కుని నా దగ్గరికొచ్చింది. ఆ దినం నాకే అక్షరం ముక్క వచ్చి ఉంటే మా అన్నకు ఎదురు నిలబడి జవాబు చెప్పేదాన్ని గదా పాపా అంది. పేరు రాయడం వస్తే ఆ ఆకారం గుర్తుపడుతుందేమో. ఎక్కడో చూశానంటుందేమో. ఈ వయసులో నీకెందుకక్కా ఆ కష్టం, నేను లేనా చదివి పెట్టడానికి అన్నాను. నిజమేలే అని నవ్వి ఆ పలక మా అమ్మాయికి ఇచ్చేసింది. ఒక మనిషి కళ్ళకు గంతలు కట్టి, ఆ మనిషి చేతే మంచిదానివని అనిపించుకోవడం ఎలాగో నన్నడగండి, చెబుతాను.

ఆ తర్వాత హాలుకు పోవడం తగ్గించేశాను. పోయినా ఆఖరి రీలు చూడను. తలనొప్పని లేచి వచ్చేస్తాను. సినిమా పిచ్చి తగ్గిందే అని మావారు ఎగతాళి చేస్తారు.

ఇప్పుడు ఇంటికే టీవీ వచ్చింది. ఆదివారం సాయంత్రం వీధి సగం మా ముందు గదిలోనే. పోయిన ఆదివారం అదే సినిమా వేశారు. పేర్లు పడగానే పోల్చుకున్నాను. లేచి పోదామంటే అక్క నా ఒడిలో చెయ్యి వేసి కూర్చుంది. మెత్తటి చెయ్యి, ఇప్పుడు నరాలు తేలి ఉంది. ఎలా లేస్తాను? కోర్టు వచ్చింది. బోను వచ్చింది. తల్లి మొహం వచ్చింది. ఈసారి ఆ మొహం మీద అక్షరాలేమీ పడలేదు.

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాయన పోయిన దినం సూసినాం గదా పాపా ఇది. ఆ యాత్రికులు ఎవురో పాపం. దీన్ని సూడకుండానే పోయినారు."

ఇన్నేళ్ళూ వాళ్ళను గుర్తుపెట్టుకుంది. లేని మనుషుల్ని. వాళ్ళ కోసం జాలిపడుతూనే ఉంది.

నోరు తెరిచాను. అక్కా అన్నాను. ఏం పాపా అంది. కాఫీ కలపనా అన్నాను.

నేనింతే. ఆమె మొహం మీద చెప్పే ధైర్యం నాకు ఈ జన్మకు రాదు. చెబితే ఆమె అన్న దగ్గరికి పోగలదు, నేను బొంకలేదని చెప్పుకోగలదు, అది కూడా తెలుసు. తెలిసి కూడా నోరు రావడం లేదు. మీరు తిట్టుకోండి, ఛీ అనుకోండి. క్షమించడానికి మీరెవరు, క్షమించమని అడగడానికి నేనెవరు? అడగాల్సిన మనిషి వంటింట్లో నాకిష్టమని చింతచిగురు పప్పు చేస్తోంది. నేనిక్కడ కూర్చుని తెలియని మీకు చెబుతున్నాను. చెబుతుంటే గొంతులో ఏదో కాస్త కదిలినట్టు ఉంది.

అక్కా, ఏం రాసుండారని అడిగావు గదా. ఇదీ రాసింది.

పూతలపట్టు మునిరత్నమ్మ. మీ అన్న గేటు వద్ద ఉన్నారు. వెంటనే రావలెను.