గాజుముక్క పగలని వానాకాలం

మామగారు ఎవరింటికి వెళ్లినా ముందు పలకరించేది మనుషుల్ని కాదు, గోడల్ని. వేలి కణుపులతో రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనిస్తారు. "టక్" అంటే ఊరుకుంటారు. "డబ్" అందా, ఆ ఇంటివాళ్ల పని అయిపోయినట్టే! తాపీమేస్త్రీ పని మానేసి ఐదేళ్లయింది గానీ, ఆ వేళ్లు మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.

కొడుకు పెళ్లయిన కొత్తలో ఆయన కోడలి పుట్టింటికి వెళ్లి, కుర్చీ వేసేలోపే వంటింటి గోడ కొట్టారు.

"బావగారూ, ప్లాస్టరింగు ఇటుకని వదిలేసింది. లోపలంతా డొల్ల!"

"అలాగా, ముందు కాఫీ..."

"ఆ కిటికీ కింద కుర్చీ మాత్రం వద్దు. పైనున్న లింటెల్ దిమ్మ చివర్లు గోడలోకి జానెడు కూడా దిగలేదు."

కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. నెల తిరక్కుండా వాళ్ల నాన్న ఫోను చేశాడు. "మీ మామగారికి చెవుడేమోనమ్మా. గోడ రాయిలా ఉంది!"

ఆసుపత్రిలోనూ అంతే. డాక్టరు ఆయన వీపు కొట్టి చూస్తుంటే ఈయన డాక్టరుగారి గోడ కొడుతున్నారు.

"ఎన్నాళ్లుగా ఉంది?"

"రెండేళ్లుంటుంది. అడుగున ఉప్పు పూసింది చూడండి."

"నేనడిగేది దగ్గు!"

"నేను చెప్పేది చెమ్మ!"

ఇన్నేళ్లలో ఆయన నోట "బాగుంది" అన్న మాట విన్నవాళ్లు లేరు. అత్తగారు కూర వడ్డించి "బాగుందా?" అంటే "ఉంది" అంటారు.

కోడలికి అర్థంకానిది ఒక్కటే. "మామయ్యగారూ, పని మానేసినవాళ్ల ప్యాంటుకి రోజూ ఈ సిమెంటేమిటి?"

"గోడలు రాలుస్తున్నాయమ్మా!"

వీధి చివర కుట్టుపిన్ని కొట్టుంది. పదిహేడేళ్లుగా ఆమె బతుకంతా ఆ ఒక్క గదీ, ఒక్క మిషనూ. కిటికీ మూల నుంచి గోడ మెట్లుమెట్లుగా బీట వారింది. అది కూల్చి మూడంతస్తులు లేపాలని ఇంటి ఓనరుకి ఎప్పట్నుంచో కోరిక. ఇల్లు పడిపోతుందని ఎవరైనా అంటే చాలు, పిన్నిని ఖాళీ చేయించొచ్చు. ఏ గోడనీ మెచ్చుకోని మామగారికంటే మంచి సాక్షి ఇంకెవరు దొరుకుతారు? వచ్చి చూడమని ఆయనకే కబురు పెట్టాడు.

"ఈ ఒక్కసారి చేతులు కట్టుకోండి మామయ్యగారూ" అని కోడలు దారిపొడుగునా బతిమాలింది. ఆయన నేరుగా వెళ్లి కొట్టేశారు. డబ్!

"పునాది ఈ మూల కుంగింది."

ఓనరు మొహం వెలిగిపోయింది. పిన్ని మెళ్లో టేపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇంకా కుంగుతోందా, ఆగిందా అని గోడనే అడగాలి." మామగారు జేబులోంచి పల్చటి గాజుముక్క తీసి, బీటకి అడ్డంగా పెట్టి, రెండు చివర్లా సిమెంటు మెత్తారు. "గోడ కదిలితే ఇది పగులుతుంది. అప్పుడు సామాను నేనే మోస్తాను. వానాకాలం దాటినా పగల్లేదా, కొట్టు ఇక్కడే ఉంటుంది."

వీధంతా వింటుండగా ఓనరు సరేనన్నాడు. పొద్దునా సాయంత్రం వచ్చి గాజుకేసి ఆశగా చూసి వెళ్లేవాడు. అదురుకి పగులుతుందేమోనని పిన్ని మిషను కూడా మునివేళ్లతో తొక్కేది.

ఇక మామగారి ప్యాంటుకి సిమెంటుతోపాటు మోకాళ్లదాకా బురద! వాన తెరిపిచ్చిన ఓ ఉదయం కోడలు వెంటపడింది. కొట్టు వెనకాల ఆయన గోడ పొడుగునా ఇటుకలు పరిచి, నీళ్లు దిగకుండా సిమెంటు పూస్తున్నారు. పునాది మూలమీద ఏళ్లుగా నీళ్లు పోస్తున్న కప్పు గొట్టం ఇప్పుడు కాలవలోకి తిరిగి ఉంది. ఓనరు చూపంతా గాజుమీదే కాబట్టి, వెనక్కి ఒక్కసారీ రాలేదు.

"మామయ్యగారూ! ఇది పరీక్షలో కాపీ కాదూ?"

"జ్వరం చూసినవాడు మందివ్వకూడదా?"

"చెప్పి చెయ్యొచ్చుగా!"

"చెబితే మొహమాటపడి వద్దంటారు. గోడని తిట్టాననుకో, ఎవరూ నా వెంట రారు."

కోడలికి చటుక్కున వెలిగింది. "అయితే మా వంటింటి గోడ?"

"మీ నాన్న ఊళ్లో లేనప్పుడు మీ అమ్మ తాళం ఇచ్చిందిలే. లింటెల్ కూడా సరిచేశా."

కోడలు నవ్వుతూ కొంగు దోపుకుని ఇటుకలు అందించింది. ఇంత మంచి మనిషిని చూసి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డానే అనుకుంది.

వానలు వెళ్లిపోయాయి. గాజు పగల్లేదు. అందరి ముందూ ఇచ్చిన మాట మింగలేక ఓనరు తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. మామగారు బీట పూడ్చి, ఆరాక కొట్టి చూశారు. టక్!

"ఇప్పుడైనా బాగుందనండి అన్నయ్యగారూ!" అంది పిన్ని.

"పైన పిట్టగోడ వంకర."

పిన్ని పకపకా నవ్వి ఒక పొట్లం చేతిలో పెట్టింది. సిమెంటు రంగు గుడ్డతో కొత్త ప్యాంటు. తాపీకో జేబు, గాజుముక్కలకో జేబు. కోడలు అప్పుడే అన్నీ చెప్పేసిందన్నమాట! మామగారు కుట్టు వెంట వేలు జరుపుతూ, వరస ఎక్కడ తప్పిందా అని ఈ చివర్నుంచి ఆ చివరికి వెతికారు. రెండోసారి కూడా వెతికారు.

"బాగుంది" అన్నారు.

ఆ సాయంత్రం ఈ సంగతి విన్న అత్తగారు కూర గిన్నె ఠక్కున కింద పెట్టి, రేపట్నుంచి ఆ కుట్టుపిన్నినే వండమనండి అంది.