సర్దారు పిలిచిన పేర్లు: ప్లేన్ మాన్యెన్ నుంచి సాంత్ర్ ద ఫ్లాక్‌కు ఒక శనివారం

మా తమ్ముడు అప్పన్న ఉత్తరం గురువారం మధ్యాహ్నం అందకపోతే నేను ఈ ప్రయాణం పెట్టుకునేదాన్ని కాదు. వాడు సాంత్ర్ ద ఫ్లాక్ ఆసుపత్రిలో అటెండరు. శనివారం సాయంత్రాలు అక్కడి గుళ్ళో రామభజన చేస్తాడు. వాడు వాయించే తాళాలు మా నాన్నగారివి. నాన్నగారు ఆ గుడి బడిలోనే పిల్లలకు తెలుగు చెప్పారు, నేను ఈ నాలుగు ముక్కలు రాయడం నేర్చుకున్నది అక్కడే. ఆ గుళ్ళో ఒక పద్ధతి ఉంది. భజన మొదలయ్యే ముందు పెద్దాయన పైడయ్య తాత దీపం దగ్గర నిలబడి భజనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. పిలిచినవాడు "గోవిందా" అని పలికి తాళాలతో దీపం చుట్టూ చేరతాడు. పిలవనివాడు చాప మీద కూర్చున్న జనంలోనే ఉండిపోవాలి. చెరకు తోటల్లో తెల్లవారుజామున హాజరు వేసే అలవాటును మన ముందుతరం వాళ్ళు గుళ్ళోకి కూడా తెచ్చుకున్నారు. ఉత్తరంలో అప్పన్న రాసింది కొంచెమే: "అక్కా, మూడు శనివారాలుగా పైడయ్య తాత నా పేరు పిలవలేదు. ఈ శనివారం కూడా పిలవకపోతే నాన్న తాళాలు గుడికి ఇచ్చేసి మానేస్తాను. నీవు బాధపడకు."

కారణం నాకు తెలుసనే అనుకున్నాను. మన ద్వీపంలో టెలివిజన్ వచ్చి ఎంతో కాలం కాలేదు. మా ప్లేన్ మాన్యెన్‌లో నలుగురూ కూర్చుని చూసే పెట్టె ఒకటే, అది ఊరి హాల్లో ఉంది. శుక్రవారం ఏడింటి నాటకానికి ఎవరి పీట వాళ్ళు తెచ్చుకుంటారు. తెర మీద దాని పేరు పొడుగ్గా పడుతుంది గాని జనం దాన్ని సర్దారు నాటకం అంటారు. చనిపోయిన ఒక సర్దారు, అంటే కూలీల మీద అజమాయిషీ చేసేవాడు, పొద్దు వాలాక చెరకు తోటల్లో చేతికర్ర పట్టుకుని తిరుగుతాడు. హాజరు పుస్తకం తెరిచి పేరు పిలుస్తాడు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళకు జ్వరం. నాలుగో వారానికే మంత్రగాడు వాణ్ణి సీసాలో బంధించాలి, అక్కడితో కథ అయిపోవాలి. కాని ఆ సర్దారును చూడటానికే జనం హాళ్ళు నిండిపోయేలా వస్తున్నారని రచయిత మంత్రగాణ్ణి పంపించేసి సర్దారును ఉంచాడు. ఐదు వారాలు భయపెట్టినవాడు ఆరో వారం తోటలో తప్పిపోయిన పిల్లను ఇంటికి చేర్చాడు. తర్వాత తెలిసింది, బతికున్నప్పుడు హాజరులో తాను దాటేసిన పేర్లనే వాడు వెతికి పిలుస్తున్నాడని. ఆ సర్దారు వేషం మా అప్పన్నది.

శనివారం ఆరూ పదికి ఇంటి నుంచి బయలుదేరాను. సంచిలో దాల్ పూరీలు, సీసాడు నీళ్ళు, శాలువా, అన్నిటికన్నా పైన ఒక కాగితం. దయ్యం వేషం వేయడం పాపం కాదని పైడయ్య తాతకు చెప్పడానికి నాలుగు కారణాలు వరసగా రాసుకున్నాను. ప్లేన్ మాన్యెన్ నుంచి మాయెబూర్‌కు ఇరవై నిమిషాలు, ఇరవై సెంట్లు. అక్కడ సముద్రం పక్కనే ఫ్లాక్ బస్సు నిలబడి ఉంటుంది. ఏడింటికి కదులుతుందని చెప్తారు, నిండితేగాని కదలదు. టికెట్టు రూపాయి పది సెంట్లు. నేను ఎక్కిన బస్సు ఏడూ ఇరవైకి బయలుదేరింది. గ్రాన్ పోర్ దాటాక దారి కొండకూ సముద్రానికీ మధ్య సన్నగా సాగుతుంది. కుడివైపు నీళ్ళు ఎంత దగ్గరగా ఉంటాయంటే చేపలవాళ్ళు పడవలో నుంచే డ్రైవరుకు చెయ్యి ఊపారు.

టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు అందరికీ ఒకే మాట చెప్తున్నాడు. క్రియోల్‌లో అన్న మాటలను ఇక్కడ మన భాషలో రాస్తున్నాను. "నిన్న చూశారా మదామ్? సర్దారు ఏడ్చాడు."

వెనక సీటులో కోడిపెట్టను ఒళ్ళో పెట్టుకున్న పెద్దావిడ అందుకుంది. "ఏడిస్తే అయిపోయిందా? ఐదు వారాలు జనాన్ని మంచాన పడేశాడు."

"ఆయో తాంతీన్, మెల్లగా అత్తా. నీవు దిగేది ఫ్లాక్‌లో. వాడుండేదీ అక్కడే. వింటాడు."

"విననీ. వాడికీ నాకూ లెక్క సరిపోయింది. కోడలికి జ్వరం వస్తే వాడి గేటు మీద సిగరెట్టు పెట్టె పెట్టాను. మర్నాడే లేచి వంట చేసింది. ఇదిగో, రెండోది కూడా తెచ్చాను."

"మంచి సిగరెట్టేనా?"

"నీవు కాల్చేదే. దయ్యాలకు ఖరీదైనవి అలవాటు చేయకూడదు."

బస్సంతా నవ్వింది. డ్రైవరు తల తిప్పకుండానే, "స్వతంత్రం వస్తోంది, గవర్నరే వెళ్ళిపోతున్నాడంటున్నారు, ఈ సర్దారు మాత్రం కదిలేలా లేడు," అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. తోటల పొలిమేర రాళ్ళ దగ్గర కాపలా దేవుళ్ళకు సిగరెట్లూ రమ్మూ పెట్టడం ఇక్కడ అందరూ ఎరిగినదే. ఆ రాయి బదులు వీళ్ళకు మా తమ్ముడి గేటు దొరికిందని నేను ముందే విన్నాను. వాడు నా తమ్ముడని చెప్పి ఉంటే ఆ పెట్టె నా చేతికే ఇచ్చేది.

బెలేర్ దగ్గర చెరకు లారీల వెనక అరగంట ఆగిపోయాం. కోతల కాలంలో వెళ్ళేవాళ్ళు ఈ అరగంట కలుపుకునే బయలుదేరాలి. ఫ్లాక్‌లో దిగేసరికి పదీ పావు. సంత మంచి జోరుమీద ఉంది. గాతో పిమాన్ అని ఇక్కడ అమ్మేవి మన మిరపకాయ గారెల్లాంటివే, వేడిగా నాలుగు కట్టించుకుని తమ్ముడి ఇంటికి నడిచాను, పది నిమిషాల దారి. గేటు స్తంభం మీద మూడు సిగరెట్టు పెట్టెలు, ఒక చిన్న రమ్ము సీసా ఉన్నాయి. అప్పన్న వాటిని చూసి నవ్వాలని ప్రయత్నించాడు.

"ఆసుపత్రి వాచ్‌మన్‌కు ఇస్తున్నాను అక్కా. ఈ నాటకం ఎప్పటికీ అయిపోకూడదని ఆయన మొక్కుకున్నాడు."

లోపల బల్ల మీద నాన్నగారి తాళాలు చింతపండుతో తోమి, ఉతికిన గుడ్డలో మూట కట్టి ఉన్నాయి. ఇవ్వడానికి సిద్ధం చేశాడు. ఆ మూట చూశాక నేను గారెలు తినలేకపోయాను. "ముందు తాత దగ్గరికి పోదాం పద," అన్నాను.

పైడయ్య తాత ఇల్లు సంతకు వెనక, తోటలు మొదలయ్యే చోట. ఎనభై ఏళ్ళ మనిషి. గుమ్మంలో కూర్చుని సాయంత్రం దీపానికి వత్తులు చేస్తున్నారు. చిన్నప్పటి నుంచి తోటల్లో పని చేసినవారు, నాన్నగారి తర్వాత భజన పెద్దరికం ఆయనకే వచ్చింది. నేను కాళ్ళకు దండం పెట్టి, కాగితం తీసి చదివాను. వేషం వేషమే, మనిషి మనిషే. మన వీధి నాటకాల్లో రాక్షసుడి వేషం వేసినవాళ్ళు మర్నాడు గుళ్ళో హారతి పుచ్చుకోలేదా? గేటు మీద సిగరెట్లు పెట్టడం జనం తెలివితక్కువ, వాడి తప్పు కాదు. పైగా ఇంక ఒక్క శుక్రవారమే మిగిలింది.

ఆయన చివరిదాకా విన్నారు. "అయ్యిందా?"

"అయ్యింది తాతా."

"బొన్, బాగుంది. ఆ కాగితం ఇటియ్యి, వత్తులు పెట్టుకుంటాను." ఇచ్చాను. నిజంగానే దాని మీద వత్తులు పేర్చుకున్నారు. "నాకు దయ్యం భయం అని నీకు ఎవరు చెప్పారు పాపా? మొదట్లో అన్ని వారాలూ నేను చూశాను. బాగా చేశాడు. సర్దారు అలాగే నడుస్తాడు. కర్ర అలాగే పడతాడు. నేను చప్పట్లు కొట్టాను."

"మరి?"

"ఇప్పుడు మంచివాడు అయిపోతున్నాడు. పిల్లను ఇంటికి తెచ్చాడు. నిన్న ఏడ్చాడు. ఆఖరి రోజు ఒక ముసలమ్మ వస్తాదంట, అందరి పేరుకీ నేనే పలుకుతున్నాను, నిన్ను క్షమించాం పో అంటాదంట. వీడే చెప్పాడు నాకు. ఆ ముసలమ్మ ఎవరు, అందరికీ పలకడానికి? నా పేరుకు నేను పలకాలి. మా నాన్న పేరుకు మా నాన్న పలకాలి. ఆయన లేడు."

పిల్లను ఇంటికి చేర్చింది ఆరో వారం. తాత పేరు పిలవడం మానింది ఆ మర్నాటి నుంచే. రెండూ నాకు తెలిసినవే, పక్కపక్కన పెట్టి చూడలేదు. ఇరవై మైళ్ళకు పైగా మోసుకొచ్చిన నాలుగు కారణాలూ వేరే గొడవకు సంబంధించినవి.

అప్పన్న గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. "మీ సర్దారు ఏం చేసేవాడు తాతా?" అని అడిగాడు.

"కొట్టేవాళ్ళు ఉన్నారు. మా వాడు కొట్టడు. చీకటి ఉండగానే వరసలో నిలబెడతాడు. పేర్లు పిలుస్తాడు. కోపం వచ్చినవాడి పేరు దాటేస్తాడు. మనిషి ఎదురుగానే ఉంటాడు, చేతిలో కత్తి ఉంటాది. పేరు పిలవడు. పిలవకపోతే ఆ రోజు నీవు పనికి రాలేదు, కూలి లేదు. మా నాన్న పదకొండు రోజులు వరసలో నిలబడ్డాడు. పదకొండు రోజులూ రాలేదు."

వత్తులు చేస్తున్న చేతులు ఆగిపోయాయి. తాత గుమ్మం బయట నిలబడ్డ అప్పన్నను కాసేపు చూసి, తల తిప్పుకుని మళ్ళీ దూది అందుకున్నారు.

అప్పన్న జేబులోంచి నాటకం నోటుపుస్తకం తీసి మెట్టు మీద కూర్చున్నాడు. "ఇంకా ఎవరి పేర్లు దాటేశాడు తాతా? చెప్పు, రాసుకుంటాను. వచ్చే శుక్రవారం ఆ పేర్లు పిలుస్తాను. ముసలమ్మ వద్దని రచయితను అడుగుతాను."

"ఒప్పుకోకపోతే?"

"అడుగుతాను. ఒప్పుకుంటాడని మాట ఇవ్వలేను."

తాత తొమ్మిది పేర్లు చెప్పారు. మొదటిది వాళ్ళ నాన్నది. మధ్యలో ఒక పేరు వరస తప్పిందని కొట్టించి మళ్ళీ రాయించారు. సాయంత్రం సంగతి మాత్రం ఎత్తలేదు. మేం లేచేటప్పుడు, "భజన ఆరింటికి," అన్నారంతే. ఆ మాట ఆయన దారిన పోయే వాళ్ళందరికీ చెప్తారు.

ఆరింటికి గుళ్ళో దీపం వెలిగింది. అప్పన్న తాళాల మూట ఒళ్ళో పెట్టుకుని నా పక్కన చాప మీద కూర్చున్నాడు. ఎప్పుడూ మూడో పేరు వాడిది. తాత మొదటి పేరు పిలిచారు, రెండోది పిలిచారు, మూడోది ఇంకెవరిదో పిలిచారు. ప్రతిసారీ ఒక "గోవిందా" లేచి దీపం దగ్గరికి వెళ్ళింది. ఎనిమిది మంది నిలబడ్డారు. అప్పన్న మూట ముడి మళ్ళీ బిగించడం చూశాను. మద్దెల వాయించేవాడు చెయ్యి ఎత్తాడు. తాత ఆపమన్నట్టు వేలు చూపించారు.

"ఎదురుగా ఉన్నవాణ్ణి దాటేశాను," అన్నారు జనంతో. ఇంకేం వివరించలేదు. తర్వాత హాజరు వేసేటప్పటి గొంతుతోనే, "అప్పన్నా," అని పిలిచారు.

వాడు ముడి విప్పుకుని లేచాక, "గోవిందా," అన్నాడు.

తర్వాతి శుక్రవారం మా ఊరి హాల్లో పీట వేసుకుని చివరి భాగం చూశాను. ముసలమ్మ రాలేదు. సర్దారు చెరకు వరసల మధ్య నిలబడి తొమ్మిది పేర్లు పిలిచాడు. పిలిచిన ప్రతి పేరుకూ ఆగి ఎదురుచూశాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ మొదటి నుంచి పిలవడం మొదలుపెట్టాడు, వాడు పిలుస్తుండగానే బొమ్మ ఆగిపోయింది. కొందరు ఇదేం ముగింపని విసుక్కున్నారు. వెనక వరసలో ఒక ముసలాయన మాత్రం పేర్లు వినిపిస్తున్నంతసేపూ లేచి నిలబడి ఉన్నాడు, తర్వాత పీట తీసుకుని వెళ్ళిపోయాడు. చెడ్డవాడు మారడం నాకు ఇష్టమే. కాని మారినంత మాత్రాన ఎదుటివాళ్ళు వెంటనే బదులు పలకాలని లేదు. వాడి పని పిలవడమే, అది వాడు మానకుండా చేయాలి. పైడయ్య తాత నా కాగితం తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. మాయెబూర్‌లో ఎక్కి కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి, తిరుగు బస్సు ఐదింటికే వెళ్ళిపోతుంది కాబట్టి భజన చూడాలంటే రాత్రికి ఫ్లాక్‌లో ఎవరింట్లోనైనా బస చెప్పుకోండి. సర్దారు ఇల్లు చూడాలనిపిస్తే చూడండి, సిగరెట్లు మాత్రం వద్దు, మా తమ్ముడు కాల్చడు. ఏదైనా ఇవ్వాలనుంటే ఆరు లోపల గుడికి దీపం నూనె తీసుకెళ్ళండి.