గోడ వెనుక విదియ చంద్రుడు

సాయంత్రం కోరుట్లలో మా మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే గంజి వాసన ముక్కుకు తగిలింది. లుంగీ అంచున వేలాడే పోగు ఒకటి గోటికి చిక్కుకుంది. అంతే, బట్టలు భుజాన వేసుకుని పడమటి వైపు తిరిగి నిలబడ్డాను. మా ఆవిడ దీన్ని పని ఎగ్గొట్టడం అంటుంది. నేను సిరిసిల్ల నర్సయ్య మామ దగ్గర నేర్చుకున్న చదువు అంటాను. ఇద్దరం నిజమే చెబుతున్నాం.

జగిత్యాలలో పుట్టి, ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి, సిరిసిల్లలో లెక్చరర్‌గా చేరినప్పుడు ఆయన ఇంటి మేడ మీది గదిలో అద్దెకు దిగాను. ఆయన ఒక సేటు దగ్గర సాంచె నడిపేవాడు. మరమగ్గాన్ని అక్కడ అలాగే అంటారు. వచ్చిన వారంలోనే, "సార్, ఇయ్యాల ఏం తిథి?" అని అడిగాడు. తెలియదన్నాను. పరువు దక్కించుకోవడానికి చంద్రుడు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "గంత దూరం పోయినోనివి, గిది తెల్వదా?" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు పాఠాలు మొదలయ్యాయి. పాడ్యమి చంద్రుడు ఉన్నా కనబడడు. విదియ నాడు నెల, అంటే నెలవంక, పొడుస్తుంది. తదియ, చవితి దాటి అష్టమికి సగం రొట్టె అవుతుంది. పున్నమి తర్వాత లోకం చంద్రుణ్ణి పట్టించుకోవడం మానేస్తుంది కానీ మామ మానడు. ఒక ఉదయం నేను కాలేజీకి బయలుదేరుతుంటే పడమటి ఆకాశంలో వెలిసిపోయిన చంద్రుణ్ణి చూపించి, "బహుళ సప్తమి సార్. రాత్రి షిఫ్టు దిగిండు, ఇంటికి పోతుండు" అన్నాడు. ఇంతకంటే మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ప్రతి విదియ సాయంత్రం మేడెక్కి, కట్టుకున్న లుంగీ నుంచి ఒక పోగు లాగి చంద్రుడికి ఇచ్చేవాడు. ఆయన భార్య లచ్చవ్వ కింది నుంచే అందుకునేది. "నెలకో పోగు గుంజుతడు. ఇంక కొన్నేండ్లైతే సందమామ లుంగీ కట్టుకుంటడు, ఈయన ఉత్తగ నిలవడ్తడు!"

"నేసేటోణ్ణి. నేనియ్యక ఎవలిస్తరే?" అనేవాడు మామ.

మూడో ఏడు ఒక విదియ నాడు, "అగో సూడు సార్, నెల ఎంత సక్కగ పొడిసిందో!" అని వేలు చూపించాడు. ఆ వేలు సూటిగా పక్కింటివాళ్ళు కొత్తగా లేపిన ఇటుక గోడను చూపిస్తోంది.

"మామా, అక్కడ గోడ ఉంది."

పోగు పట్టుకున్న చెయ్యి ఆగింది. "గోడా? ఎప్పుడు లేశింది?"

"మూడు వారాలైంది."

మామ వేలు దించలేదు. "గట్లనా. అయితే నెల గోడెనుక ఉన్నది. నేను చెప్పింది తప్పైతే గాదు."

లెక్క ప్రకారం తప్పు కాదు. నేను కాలేజీలో ఖగోళశాస్త్రం చెప్పే పద్ధతి కూడా అదే, చూడకుండా.

తర్వాత పిట్టగోడ మీద కూలబడ్డాడు. "రెండు కండ్లకు పొరలచ్చినయ్ సార్. పోగు తెగితే సాంచె సప్పుడు మారుతది. గది ఇని, వేళ్ళతోని తడిమి అతికిస్తున్న. బట్టల తప్పులస్తున్నయని సేటు ఇప్పటికే అంటుండు. తెలిస్తే పనిల కెల్లి తీసేస్తడు. లచ్చవ్వకు గూడ చెప్పకు."

"ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా?"

"కోసినంక గీ గింత సూపు గూడ పోతే?"

ఎవరికీ చెప్పనని, కరీంనగర్ దవాఖానకు నాతో రావాలని బేరం పెట్టాను. ఒప్పుకున్నాడు, కానీ చంద్రుడు పెరిగే రోజుల్లోనే కత్తి పెట్టించుకుంటానన్నాడు. దానికి ఫిజిక్స్‌లో సమాధానం ఉంది, చెప్పే ధైర్యం నాకు లేదు. ఏకాదశి నాడు వెళ్ళి ఆపరేషన్ చేయించాం. అంతకుముందే మాట తప్పి లచ్చవ్వకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకెర్క లేదనుకున్నరా? ఏడాది సంది ఇంట్ల ఉప్పుడబ్బ జాగ గూడ మార్చలే" అంది.

తర్వాతి విదియకు మేడ మీద గోడ అడ్డమని ముగ్గురం మానేరు వంతెన మీదికి వెళ్ళాం. మామ నల్లద్దాలు తీసి చాలాసేపు చూశాడు. "గింత సన్నగుంటదా సార్? మరిచే పోయిన" అన్నాడు. పోగు కోసం వంగి లుంగీ అంచు చూసుకున్నాడు. "ఏందే, గిన్ని సిల్లులున్నయి?"

"ఇగో, కండ్లచ్చినయ్" అని లచ్చవ్వ నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ తర్వాత కూడా ఆయన కొన్నేళ్ళు సాంచె నడిపాడు. పోయిన ఏడు, బహుళ పక్షంలో, తెల్లవారాక పోయాడు. రాత్రి షిఫ్టు దిగినట్టే.

ఇందాక మా బిడ్డ మేడ మీదికి వచ్చి నా పక్కన నిలబడింది. "నాన్నా, నెల యాడుంది? కనవడ్తలేదు."

ఎదురుగా పక్క మేడ మీది నీళ్ళ ట్యాంకు. వేలు దాని నడుమకు పెట్టి, "దాని వెనుక" అన్నాను.

"నీకెట్ల ఎర్క?"

"నిన్న పాడ్యమి."

గోటికి చిక్కిన పోగును లాగి ట్యాంకు వైపు వదిలాను. బిడ్డ కూడా తన గౌను అంచు పట్టుకుని లాగింది. పాలిస్టర్, రాలేదు. నా లుంగీ నుంచి ఇంకొకటి లాగి ఇచ్చాను.