గేటు పిన్ని

అక్క చివరగా చేసిన పని, ఒక పెద్దాయన ఖాతాను ఆపి ఉంచడం. పది నిమిషాల క్రితం తన ఊళ్లో ఫోన్‌లో ఖాతా తెరిచిన మనిషి, వెయ్యి మైళ్ల అవతల కొత్త కంప్యూటర్‌లో మళ్లీ తెరిచాడు. "ఈయనకి రెక్కలొచ్చినట్టున్నాయి సార్" అని పక్క సీటు సూపర్‌వైజర్‌తో అంది. ఖాతా ఆపేసి, కళ్లజోడు తుడుచుకుని, మంచినీళ్ల కోసం లేచింది. వరండా దాటలేదు. గుండె అన్నారు.

జనం తమ ఫొటోలూ గొంతులూ ఆన్‌లైన్‌లో దాచుకునే కంపెనీ అది. లోపలికి రాబోయే మనిషి ఖాతాదారేనా కాదా తేల్చడం అక్క పని. ఏ ఫోన్, ఏ చోటు, ఎప్పుడూ వచ్చే వేళేనా అని చూసేది. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినంత మాత్రాన నమ్మేది కాదు. పదహారేళ్లు అదే కుర్చీ. ఆఫీసులో చిన్నవాళ్లు గేటు పిన్ని అనేవాళ్లు.

నేను ఫోన్ చేసినా వదిలేది కాదు.

"నువ్వేనని నమ్మకమేంటి? నా ఇంకు పెన్ను విరగ్గొట్టి ఎక్కడ దాచావో చెప్పు."

"బియ్యం డబ్బాలో. మొదలెట్టావా అక్కా?"

"సరే, లోపలికి రా."

నవ్వేది కాదు. అలాగే మాట్లాడేది.

ఆరేళ్ల మా పాపకి అక్క సొంతంగా కథలు కట్టి చెప్పేది. వాటిని తన గొంతుతో రికార్డు చేసి, ఆ కంపెనీలోనే తన ఖాతాలో దాచింది. అక్క గొంతు ఇంకెక్కడా లేదు. పదిహేనో రోజున పాప నా దగ్గరకొచ్చి, "అత్త కథ పెట్టు నాన్నా" అంది. పెడతానన్నాను.

పాస్‌వర్డ్ నాకు తెలుసు. అక్క టాబ్లెట్ ఆమె అద్దె వాటాలో ఉంది. మర్నాడు అక్కడికెళ్లి, ఆమె కుర్చీలో కూర్చుని తెరిచాను. నమోదు చేసిన చోటు నుంచి ప్రయత్నించండి, ఇంకా రెండు అవకాశాలున్నాయి అని వచ్చింది. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను.

"సిబ్బంది ఖాతాలు ఒక్క చోటు నుంచే తెరుచుకుంటాయి తమ్ముడూ. ఆ చోటు ఎవరికి వాళ్లే రాసుకుంటారు. మాకూ కనపడదు."

అక్క ఎక్కువగా ఉండే చోటు అయి ఉంటుందనుకున్నాను. టాబ్లెట్ సంచిలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. రిసెప్షన్ సోఫాలో కూర్చుని నొక్కాను. కాదంది. బస్సెక్కి, ఆ అద్దె వాటాకి మారకముందు అక్క పదకొండేళ్లున్న ఇంటికి వెళ్లాను. ఇప్పుడక్కడ వేరేవాళ్లు ఉంటున్నారు. ఎదురుగా మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూర్చున్నాను. ఆ ఇంటామె బట్టలు తీస్తూ, "ఎవరు కావాలండీ?" అంది. ఎవరూ వద్దన్నాను. మూడోసారి నొక్కాను. ఖాతా శాశ్వతంగా మూసివేయబడింది అని వచ్చింది. కాసేపు అక్కడే కూర్చున్నాను. ఎండ చెప్పుల దాకా వచ్చింది. లేచి ఇంటికొచ్చి, టాబ్లెట్ బీరువాలో పెట్టి, అన్నం తిన్నాను.

పాపకి కథలు పోయాయని చెప్పాను. "నువ్వు చెప్పు మరి" అంది. నాకు రావన్నాను. బొమ్మలేసుకోడానికి వెళ్లిపోయింది.

నెల తర్వాత సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. మూతపడ్డ ఖాతాను చెరిపేసే ముందు ఆయన సంతకం కావాలట.

"కాగితం నా ముందుంది. చెప్పకూడదు గానీ, నమోదు చేసిన చోటు దగ్గర మీ ఇంటి అడ్రసుంది తమ్ముడూ."

"మా ఇల్లా?"

"మీదే. ముందు వేరే ఏదో ఉంది. ఆరేళ్ల క్రితం మార్చారు."

తేదీ అడిగాను. చదివాడు. పాపని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు.