ఓడ ఎక్కే పద్ధతిలో మీర్‌పేట్ ప్రయాణం

మా మావగారిని మీర్‌పేట్‌లోని ఒక బడికి తీసుకెళ్లే పని నా నెత్తిన పడింది. మా ఆవిడ అక్కడ టీచరు. ఐదో తరగతి పిల్లలకు ఓడ కబుర్లు చెప్పమని తండ్రిని పిలిచింది. ఆయనది కాకినాడ. ముప్పయ్యేళ్లు సరుకు ఓడల్లో వంట చేశారు. నాలుగు మాటలు చెప్పమని ఆయన్ని ఎవరైనా పిలవడం ఇదే మొదలు. అందుకని చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించుకున్నారు.

ఉదయం 9.10, దిల్‌సుఖ్‌నగర్. బస్సు రాగానే మావగారు మెట్టు ముందు నిటారుగా నిలబడి, "ఎక్కడానికి అనుమతి ఇస్తారా అండీ?" అని కండక్టరమ్మను అడిగారు.

"అనుమతేంది? ఎక్కుతె ఎక్కుర్రి, లేకుంటె జరుగుర్రి!"

ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే బస్సు వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"ఓడలో పద్ధతి అంతే అల్లుడుగారూ. ఓడెక్కడాన్ని ఇంగ్లీషులో బోర్డింగ్ అంటారు కదా, ఆ బోర్డంటే ఓడ పక్క గోడకుండే చెక్క పలక. అది దాటామంటే ఇంకొకళ్ల ఇంట్లో అడుగుపెట్టినట్టే. అడక్కుండా ఎలా వెళ్తాం? లోపలెవరున్నారో కాపలావాడికీ తెలియాలి కదా!"

9.35 బస్సులోకి జబ్బ పట్టుకుని ఎక్కించాను. ఎల్బీనగర్‌లో దిగి ఇడ్లీ తిన్నాం. చట్నీ మరీ నీళ్లు. అక్కణ్ణుంచి షేర్ ఆటో. దాని డ్రైవర్నీ అడిగారు.

"కూసో పెద్దాయనా, నీ బండే అనుకో," అన్నాడతను. మావగారు పొంగిపోయారు.

10.40కి తరగతిలో ఉన్నాం. అనుమతి సంగతి చెప్పగానే ముందు బెంచీ పిల్ల లేచింది.

"మేం రోజూ టీచర్ని అడిగే లోపలికొస్తం తాతా. గిదేం కొత్త? వద్దంటె ఏం జేస్తరో చెప్పు!"

తరగతంతా నవ్వింది. ముప్పయ్యేళ్లలో మావగారిని ఎవరూ వద్దనలేదట. వంటవాణ్ణి ఎవరు వద్దంటారు? ఆయన జవాబు వెతుక్కుంటుండగానే గంట కొట్టేశారు.

తిరుగు దారిలో ఆయన ఆ పిల్ల ప్రశ్ననే గొణుక్కుంటూ వచ్చారు. నాకు నిజంగానే జాలేసింది. 12.30కి ఎల్బీనగర్‌లో బస్సు కిక్కిరిసి వచ్చింది. ఆయన అలవాటు కొద్దీ అడిగారు.

"జాగ లేదు, ఎక్కొద్దు!" అన్నాడు కండక్టరు.

మావగారు రెండడుగులు వెనక్కి వేసి సెల్యూట్ కొట్టారు. బస్సు కదలకముందే కూతురికి ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఆ పిల్లకి చెప్పు. వద్దంటే ఏం చేస్తామో తెలిసిపోయింది. అల్లుణ్ణి పక్కన పెట్టుకుని ఎండలో నిలబడతాం!"